ఒక్క మీటింగ్‌కి వెళ్లొచ్చాక మళ్లీ అడుగు పడటం లేదు. నాకు సరిపోయే గ్రూపు ఎలా దొరుకుతుంది?

కొత్తఅడుగు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. డాక్టర్ల పర్యవేక్షణలో తాగుడు మాని ఈమధ్యే ఆస్పత్రి నుంచి బయటికొచ్చాను. మాత్రలు నడుస్తున్నాయి. "ఒంట్లోంచి దిగిపోయింది, ఇక ముందున్నది నువ్వొక్కడివే లాగలేవు, ఏదో ఒక గ్రూపులో చేరు" అని పంపేముందు డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

వెళ్లాను. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్రూపు. గుమ్మం దాకా వెళ్లి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడితే ఒకాయన లోపల్నుంచి వచ్చి "కొత్తా? రండి" అని తన పక్క కుర్చీ చూపించాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతే ఊపిరాడలేదు. ఉన్నవాళ్లంతా మా నాన్న వయసువాళ్లు. రెండు మాటలకొకసారి దేవుడు. చివర్లో అందరూ లేచి చేతులు పట్టుకుని ప్రార్థన చెబుతుంటే నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు నోరు పెగల్లేదు. పేరు చెప్పి "ఇవాళ వింటాను" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు, ఆ మేరకు మర్యాదస్తులే. కానీ బయటికొస్తుంటే ఒక పెద్దమనిషి పక్కకి పిలిచి "మాత్రలు మింగుతూ మానేశానంటే అది మానడం కాదు బాబూ, అవి కూడా వదిలెయ్" అన్నాడు.

అప్పట్నుంచి మళ్లీ అటు వెళ్లబుద్ధి కావడం లేదు. సాయంత్రం ఏడు దాటితే మాత్రం ఒళ్లంతా ఒకటే లాగుడు. మీటింగులన్నీ ఇలాగే ఉంటాయా? దేవుడి మీద నమ్మకం లేనివాడికి వేరే దారి ఉందా? ఎన్ని చూస్తే ఇది నాకు పనికొస్తుంది, ఇది రాదు అని తేలుతుంది? మా ఆవిడ కూడా వస్తానంటోంది, తీసుకెళ్లొచ్చా?

వార్డునర్సు

మిగతావన్నీ తర్వాత. ముందు మాత్రల సంగతి. ఆ పెద్దమనిషి మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యండి.

డీఅడిక్షన్ వార్డులో పనిచేస్తాను. మీకు ఏం రాశారో తెలియదు కాబట్టి మామూలుగా ఇచ్చే మూడింటి గురించి చెప్తాను. డైసల్ఫిరామ్ వేసుకుంటూ తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. "మాత్ర మానేశాను కదా, ఇవాళ ఒక గ్లాసు" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మద్యం తాగినప్పుడు కలిగే హుషారుని నాల్ట్రెక్సోన్ తగ్గిస్తుంది, కాబట్టి తాగాలనే లాగుడూ తగ్గుతుంది. తాగుడు మానేసినవాళ్లు మానేసినట్టే ఉండటానికి అకాంప్రోసేట్ సాయపడుతుంది. ఏది ఎప్పుడు ఆపాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదని ఏఏ వాళ్ల కరపత్రంలోనే ఉంది. ఆయన చెప్పింది ఆయన సొంత అభిప్రాయం, గ్రూపు మాట కాదు.

ఇంకొకటి. ఈ చర్చ చదువుతున్నవాళ్లలో ఇంకా రోజూ తాగుతున్నవాళ్లూ ఉంటారు. మీటింగ్‌కి వెళ్లాలి కాబట్టి ఇవాళ్టినుంచి బంద్ అని ఇంట్లో ఒక్కసారిగా ఆపెయ్యకండి. ఏళ్ల తరబడి గట్టిగా తాగినవాళ్లకి చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మూర్ఛలు సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండె పరుగు. వైద్యం అందకపోతే ప్రాణాలు పోతాయి. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీటింగ్‌కి కూడా అదే రోజు వెళ్తానంటే ఇంకా మంచిది.

పాతకాపు

నర్సమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఏఏలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి. మా గదుల్లో మాత్రల గురించి అలా మాట్లాడేవాళ్లు అక్కడక్కడా ఉంటారు, నా ఎదురుగా అంటే నేను ఊరుకోను.

తమ్ముడూ, చెప్పు కరిచిందని నడక మానెయ్యం కదా. నువ్వు చూసింది ఏఏ మొత్తాన్ని కాదు, ఒక గ్రూపుని, అదీ ఒక పూట. ఏఏలో ప్రతి గ్రూపూ తన వ్యవహారం తానే చూసుకుంటుంది. ఎలా నడపాలో పైనుంచి ఎవరూ ఆజ్ఞలు వెయ్యరు. అందుకే ఒక గ్రూపులో ప్రార్థన ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. ఒకచోట పదిమంది గుండ్రంగా కూర్చుంటారు, ఇంకోచోట వందమంది వరసల్లో కూర్చుని ఒక్కరు చెప్పేది వింటారు.

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు: భార్య, అన్న, స్నేహితుడు, ఊరికే తెలుసుకోవాలనుకున్నవాళ్లు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే. మీ ఆవిణ్ణి తీసుకెళ్లాలంటే ఓపెన్‌కి తీసుకెళ్లు. కానీ నువ్వు మనసు విప్పి మాట్లాడేది మాత్రం బహుశా క్లోజ్డ్‌లోనే. స్పీకర్ మీటింగ్‌లో ఒకరో ఇద్దరో తమ కథ చెబుతారు, మిగతావాళ్లు వింటారు. మాట పెగలని కొత్తవాళ్లకి అది హాయి. డిస్కషన్‌లో ఒక విషయం తీసుకుని తలా కాసేపు మాట్లాడతారు. స్టెప్ మీటింగ్‌లో, మానడానికి ఏఏ చూపే దారి అయిన పన్నెండు మెట్లలో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటారు. నువ్వు వెళ్లింది అదే అయ్యుంటుంది, అందుకే అంత దేవుడు వినబడ్డాడు. కొన్నిచోట్ల కొత్తవాళ్ల కోసమే బిగినర్స్ మీటింగ్ ఉంటుంది. మీటింగుల జాబితాలో ఓపెన్, క్లోజ్డ్, స్పీకర్, స్టెప్ అని పక్కన రాసి ఉంటుంది. వెళ్లే ముందు అది చూసుకో.

రుసుము ఉండదు. డబ్బా తిప్పుతారు, వెయ్యాలనిపిస్తే వెయ్యి, లేకపోతే పక్కవాడికి అందించు. కొత్తవాడి నుంచి ఎవరూ ఆశించరు. సభ్యుడు కావడానికి కావలసింది తాగుడు ఆపాలనే కోరిక ఒక్కటే.

హేతువు

దేవుడి ప్రశ్నకి జవాబు నేను రాస్తాను, ఎందుకంటే నాదీ అదే ఇబ్బంది.

పాతకాపుగారు అన్నట్టు ఏఏలోనే సెక్యులర్ గ్రూపులు ఉన్నాయి. ప్రార్థన ఉండదు. "మనకంటే పెద్ద శక్తి" అన్నచోట ఆ గ్రూపునే ఆ శక్తిగా తీసుకుంటారు కొందరు. అది కూడా మింగుడుపడకపోతే ఏఏ బయట దారులున్నాయి.

స్మార్ట్ రికవరీ 1994లో మొదలైంది. ఆలోచన తీరుని మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతులే దానికి ఆధారం. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ మీటింగ్ నడుపుతాడు. కాగితం మీద రాయిస్తారు: తాగితే నాకొచ్చేదేమిటి, పోయేదేమిటి, ఇవాళ ఒకటి, ఏడాది తర్వాత ఒకటి. లాగుడు వచ్చినప్పుడు అది ఎంతసేపుంది, దానికి ముందు ఏం జరిగింది అని రాసుకోమంటారు. స్పాన్సర్లు, అంటే ఏఏలోలా కొత్తవాళ్లకి తోడుండి దారి చూపే పాత సభ్యులు, ఉండరు, నేను ఫలానా రోగిని అని చెప్పుకోవాల్సిన పని లేదు, ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడొచ్చు. ఏఏలో చాలాచోట్ల అలా మధ్యలో అందుకోనివ్వరు, ఎవరి వంతులో వాళ్లే. నాకు ఎదురు ప్రశ్న వేసే మనిషి కావాలి. మౌనంగా తలూపే గదిలో నేను ఉండలేను.

లైఫ్‌రింగ్ అని ఇంకోటుంది, అదీ దేవుడి ప్రస్తావన లేనిదే. గడిచిన వారం ఎలా గడిచింది, రాబోయే వారంలో ఎక్కడ ఇబ్బంది రావచ్చు అన్నదాని చుట్టూ మాటలు నడుస్తాయి. ఇవి ఏఏ అంత విరివిగా దొరకవు, అది మాత్రం ఒప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో అయితే దొరుకుతాయి.

నీలిదారం

ఈ చర్చలో ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

తాగే ఆడదాన్ని లోకం చూసే చూపు వేరు. నేను మొదట వెళ్లిన గదిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. మాటలు తప్పుగా లేవు. కానీ నేను చెప్పాల్సింది పిల్లల గురించి. వాళ్లు నిద్రపోయాక వంటింట్లో లైటు వెయ్యకుండా తాగడం గురించి, పొద్దున స్కూలు గేటు దగ్గర ఇంకో తల్లికి వాసన తెలుస్తుందేమోనని దూరంగా నిలబడటం గురించి. అది అంతమంది మగవాళ్ల ముందు నా నోట రాలేదు. ఆడవాళ్ల మీటింగ్ దొరికాకే వచ్చింది. ఏఏలో ఆడవాళ్లకి మాత్రమే అని విడిగా గ్రూపులుంటాయి. విమెన్ ఫర్ సోబ్రైటీ అని జీన్ కర్క్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టిన సంస్థ పూర్తిగా ఆడవాళ్లదే. అక్కడ సిగ్గుని తవ్వడం కంటే మనమీద మనకి నమ్మకం తిరిగి నిలబెట్టుకోవడం మీద ఎక్కువ పని జరుగుతుంది.

ఇంకొకటి సూటిగా చెప్తాను. కొత్తగా వచ్చినవాళ్లు మానసికంగా బలహీనంగా ఉంటారని తెలిసి, సాయం పేరుతో దగ్గరవ్వాలని చూసే పాతవాళ్లు ఉంటారు. ప్రతిచోటా కాదు, కానీ ఉంటారు. స్పాన్సర్‌గా మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు అనే పద్ధతి అందుకే వచ్చింది. రాత్రివేళ ఒంటరిగా దింపుతానంటే వద్దనండి. ఇబ్బందిగా అనిపిస్తే మీటింగ్ నడిపేవాళ్లకి చెప్పండి. వాళ్లు తేలిగ్గా తీసుకుంటే ఆ గ్రూపు వదిలెయ్యండి. ఆ గ్రూపుని వదిలితే చాలు, తాగకుండా ఉండటాన్ని మాత్రం వదలకండి.

తూకంరాయి

ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఇవన్నీ పనిచేస్తాయని రుజువేమైనా ఉందా? నేను రెండేళ్లు తిరిగి మానేశాను. నాకు డాక్టరూ మాత్రలూ చాలు అనిపిస్తోంది.

వార్డునర్సు

మంచి ప్రశ్న. 2020లో కొక్రేన్ అనే సంస్థ సమీక్ష ఒకటి వచ్చింది, వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి బేరీజు వేసే సంస్థ అది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏఏని, ఏఏలోకి రోగిని ఒక పద్ధతి ప్రకారం నడిపించే చికిత్సనీ వేరే చికిత్సలతో పోల్చారు. పూర్తిగా మానేసి అలాగే నిలబడటంలో, పద్ధతి ప్రకారం ఏఏలోకి నడిపించే చికిత్స, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటివాటికంటే మెరుగైన ఫలితం చూపింది. తాగే మోతాదు తగ్గడం లాంటి మిగతా విషయాల్లో వాటికి సమానంగా ఉంది. అందరికీ పనిచేస్తుందని దానర్థం కాదు. ఊసుపోని కబుర్ల గది అని కొట్టిపారెయ్యలేమని మాత్రం తేలింది.

మాత్రలకీ గ్రూపుకీ పోటీ పెట్టకండి. మాత్ర లాగుడు తగ్గిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోనెత్తి "ఎక్కడున్నావ్?" అని అడగదు. మా వార్డు నుంచి వెళ్లేవాళ్లకి రెండూ ఉండాలనే చెప్తాం. మీకు డాక్టరుతోనే నిలకడగా ఉంటే దాన్ని చెడగొట్టుకోమని నేనూ అనను.

ఇంటివైపు

కొత్తఅడుగు తమ్ముడి భార్య కోసం రాస్తున్నాను.

మా ఆయనతో ఓపెన్ మీటింగులకి వెళ్లేదాన్ని. ఆయన ఏం చెబుతాడా, నా గురించి ఏమంటాడా అని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఆయన మాట్లాడటం మానేశాడు. అప్పుడు అక్కడే ఒకామె "నీకు నీ గది వేరే ఉంది" అని అల్-అనాన్ గురించి చెప్పింది. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అది. ఏఏని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్ ఇంకొకామెతో కలిసి 1951లో దాన్ని నిలబెట్టింది. టీనేజీ పిల్లలకి అలటీన్ అని ఉంది.

మొదటిరోజు నేను అడిగిన ప్రశ్న: ఆయన చేత మాన్పించడం ఎలా? ఎవరూ జవాబు చెప్పలేదు. నిజం చెప్పాలంటే కోపమొచ్చింది. ఆయన తాగుడికి నేను కారణం కాదు, దాన్ని నేను అదుపు చెయ్యలేను, నయం చెయ్యలేను అని అక్కడ పదేపదే వినబడుతుంది. అది ఒంటబట్టడానికి నెలలు పట్టింది. సీసాలు వెతకడం, నోటి దగ్గర వాసన చూడటం, జేబులు తడమడం ఆపాక నాకు రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఆయన మీటింగ్ ఆయనది. మొదటిసారి ధైర్యానికి తోడు వెళ్లమనండి. తర్వాత తన గది తను చూసుకోమనండి.

ఇంకోఉదయం

చాలామంది "నాలుగైదు చూడు, నచ్చింది పట్టుకో" అంటున్నారు. నాకు దీంతో ఒక పేచీ ఉంది.

నేను మధ్యలో జారి మళ్లీ వచ్చినవాణ్ణి. జారే ముందు నేను చేసిన పని ఇదే: గ్రూపులు మార్చడం. ఇక్కడ ముసలివాళ్లు ఎక్కువ, అక్కడ వాగుడెక్కువ, ఇది దూరం, అది ఇరుకు. ప్రతిదీ నిజమే. వెతుకుతున్నాను కదా అన్న పేరుతో ఏ గదిలోనూ నా ముఖం ఎవరికీ గుర్తుండకుండా చూసుకున్నాను. రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసేవాళ్లు లేరు, ఎందుకంటే నా నంబరు ఎవరి దగ్గరా లేదు. తాగాలనుకునే బుర్ర ఎంత తెలివైందంటే, అది గ్రూపులోని లోపాలు మాత్రమే వెతికిపెడుతుంది, అవి అబద్ధాలు కూడా కావు.

హేతువు

ఇది ప్రమాదకరమైన వాదన. ఇదే మాట చెప్పి సరిపడని గదుల్లో మనుషుల్ని కట్టిపడేస్తారు. "నీకు నచ్చలేదంటే అది నీ జబ్బు మాట్లాడుతోంది" అంటే ఇక ఎవరు ఏం ఫిర్యాదు చెయ్యగలరు? మాత్రలు మానెయ్యమన్న మనిషిని తప్పించుకోవడం జబ్బా?

పాతకాపు

ఇద్దరూ కొంతకొంత నిజమే చెబుతున్నారు. దీన్ని తేల్చుకోవడానికి నేను కొత్తవాళ్లని అడిగే ప్రశ్న ఒకటుంది: నీకు గుచ్చుకున్నది ఏమిటి?

ప్రార్థన గుచ్చుకుందా, వయసు తేడా గుచ్చుకుందా, వేళ కుదరలేదా, ఎవరైనా హద్దు మీరారా? అది గ్రూపు సమస్య. మార్చెయ్, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. ఎవరో చెప్పిన కథ వింటుంటే నీ కథే అనిపించి లేచి పోవాలనిపించిందా? తాగిన రాత్రి గురించి ఎవరో అడిగితే ఒళ్లు మండిందా? అప్పుడు ఆ గదికే ఇంకోసారి వెళ్లు. రెండింటికీ తేడా ఆ క్షణంలో తెలియదు. ఇంటికొచ్చి ఒక రాత్రి గడిచాక, ఇంకొకరితో మాట్లాడితే తెలుస్తుంది. ఒక్కడివే కూర్చుని తేల్చకు.

ఇంకోఉదయం అన్నదాంట్లో నేను గట్టిగా పట్టుకునేది ఒకటే: నంబరు. వెతుకు, కానీ వెతికే ప్రతి గదిలో ఒక్కరి నంబరన్నా తీసుకో, నీది ఇవ్వు. అప్పుడు ఎన్ని గదులు తిరిగినా నువ్వు కనబడకపోతే కనిపెట్టేవాళ్లుంటారు.

ఏఏ ఎలా మొదలైందో కొత్తవాళ్లకి చెబుతుంటాను. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పని చెడి, అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్లో హోటల్లో ఉన్నాడు. తాగుడు మాని అప్పటికి కొద్ది నెలలే. పక్కనే బారు, లోపల సందడి. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లి చర్చిల జాబితా చూసి, తనలాంటి తాగుబోతు ఇంకొకడు ఎక్కడైనా ఉన్నాడా అని అడగడం మొదలుపెట్టాడు. అలా డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. పావుగంటే కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి ఉండిపోయాడు. మొదటి మీటింగ్ అంటే అదే అనుకో: ఇద్దరు మనుషులు. పన్నెండు మెట్లూ అప్పటికి రాసే లేవు. డాక్టరు ఆఖరిసారి తాగిన రోజు 1935 జూన్ 10. దాన్నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

సాయంత్రం ఏడింటికి ఒళ్లు లాగుతోందన్నావు కదా, ఆ వేళకి నీకు కావలసింది సరైన గ్రూపు కాదు, ఫోనెత్తే ఒక మనిషి.

రాత్రిషిఫ్టు

ఆ ఏడు గంటల గురించి నాదొక మాట. మీటింగ్‌ని ఎంచుకునేటప్పుడు అది ఎంత బాగుందన్నది చూసేముందు ఏ వేళకి ఉందన్నది చూడండి. మీకు గండం సాయంత్రమైతే పొద్దున్నే జరిగే గొప్ప మీటింగ్ మిమ్మల్ని కాపాడదు. నాకు గండం తెల్లవారుజామున డ్యూటీ దిగాక. ఆ వేళకి దగ్గర్లో ఏ గదీ తెరిచి ఉండదు. ఆన్‌లైన్‌లో ప్రపంచంలో ఎక్కడో ఒకచోట సాయంత్రం అవుతూనే ఉంటుంది, కాబట్టి ఏ గంటకైనా మీటింగ్ దొరుకుతుంది. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూ ఇంటికొస్తాను.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా లాగుడు పెరుగుతుందని గదుల్లో అంటుంటారు. డ్యూటీ దిగేసరికి నాకు నాలుగూ ఉంటాయి. ముందు ఏదన్నా తిని, ఆ తర్వాత మీటింగ్.

నీలిదారం

ఆన్‌లైన్ మంచిదే. కానీ అదొక్కటే పెట్టుకోకండి, వీలుంటే. తెర ఆపేస్తే మనం ఎలా ఉన్నామో ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చుంటే చేతులు వణకడం, కళ్లు చూడటం మానెయ్యడం పక్కవాళ్లు కనిపెడతారు. నాకు అసలు సాయం అందేది మీటింగ్ అయిపోయాక, కుర్చీలు మడుస్తూ, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల్లో. చాలామంది కొత్తవాళ్లు అయిపోగానే పరుగెత్తుతారు. ఆ పది నిమిషాలు ఆగండి.

నిర్వాహకుడు

చిన్న మనవి. గ్రూపు చిరునామాలు, సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. గదిలో విన్నది గదిలోనే ఉండాలి, ఎవరి కథా ఇక్కడ తిరగరాయొద్దు. సొంత కథ ఎంతైనా రాయొచ్చు. ఎవరికైనా మూర్ఛ, తీవ్రమైన వణుకు, చనిపోవాలనే ఆలోచన ఉంటే ఇక్కడ జవాబు కోసం ఆగకండి, వెంటనే అత్యవసర వైద్యసాయం తీసుకోండి.

కొత్తఅడుగు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం, మీరు చెప్పినవి చేస్తూ ఉన్నాను.

మాత్రల గురించి డాక్టరుగారిని అడిగాను. ఆపొద్దన్నారు, ఎందుకో వివరంగా చెప్పారు.

స్మార్ట్ రికవరీ ఆన్‌లైన్‌లో చూశాను. ఆ కాగితం పని నాకు నచ్చింది. లాగుడు వచ్చినప్పుడల్లా వేళ రాస్తుంటే తెలిసింది, అది ఏడింటికి కాదు, ఆఫీసు నుంచి బయలుదేరే ముందే మొదలవుతోంది. రోజంతా ఏమీ తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన రోజుల్లో ఎక్కువ. రాత్రిషిఫ్టు గారు చెప్పిన నాలుగూ అక్కడే ఉన్నాయి.

తర్వాత ఏఏలోనే ఒక చిన్న క్లోజ్డ్ డిస్కషన్ గ్రూపుకి వెళ్లాను. ఎనిమిదిమందికి మించి లేరు. ఆ రోజు విషయం దాచిపెట్టడం. నా వయసు అబ్బాయే ఒకడు, పాత సూట్‌కేసులో చలికోటు చేతిలోకి సీసా దూర్చి, పైన బట్టలు మడతపెట్టి, జిప్పు ఒక అంగుళం తెరిచి పెట్టేవాణ్ణని చెప్పాడు. పూర్తిగా వేస్తే తీసేటప్పుడు చప్పుడవుతుంది కదా. నేను తలెత్తి చూశాను. ఆ అంగుళం సంగతి ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు "నాది అటక మీద" అన్నాను. ఆ తర్వాత ఎంతసేపు మాట్లాడానో తెలియదు, నడిపేవాడు ఆపలేదు. వాళ్లూ చివర్లో ప్రార్థన చెబుతారు. నేను నిలబడతాను, చెప్పను. ఎవరూ అడగలేదు.

మా ఆవిడ అల్-అనాన్‌కి వెళ్లింది. ఏం జరిగిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటివైపు అక్కా, మీరు రాసింది తను రెండుసార్లు చదివింది.

ఆ చిన్న గ్రూపుకి వారం వారం వెళ్తాను, స్మార్ట్ ఆన్‌లైన్ పక్కన ఉంచుకుంటాను. రెండూ కలిపి చెయ్యొచ్చా? ఇంకొకటి, ఆ సూట్‌కేసు అబ్బాయిని స్పాన్సర్‌గా ఉండమని అడగాలనుంది. అతను మానేసి ఎన్నాళ్లో కాలేదు. పర్వాలేదా?

హేతువు

కలిపి చెయ్యొచ్చు, చాలామంది చేస్తారు. ఒకచోట మాటలు ఇంకోచోట కుదరవు, అంతే. స్మార్ట్‌లో మెట్ల గురించి, ఏఏలో వర్క్‌షీట్ల గురించి వాదన పెట్టుకోకండి. చివర్లో ప్రార్థన ఉన్న గదిలో మీరు నిలదొక్కుకున్నారంటే నాకు సంతోషంగా ఉంది. నేను మాత్రం ఇప్పటికీ అక్కడ కూర్చోలేను.

తూకంరాయి

నర్సమ్మ గారి జవాబు చదివాక పాత గ్రూపు మనిషి ఒకాయనకి ఫోన్ చేశాను. మీటింగ్‌కి వెళ్లాలని ఇంకా నిర్ణయించుకోలేదు. ఆయన మాత్రం వారానికోసారి మాట్లాడుకుందామన్నాడు. ప్రస్తుతానికి అది చాలు.

పాతకాపు

తమ్ముడూ, సూట్‌కేసు అబ్బాయి నీకు స్నేహితుడు. అతన్ని వదులుకోకు, రోజూ మాట్లాడు. స్పాన్సర్ వేరే మనిషి కావాలి. కనీసం ఏడాదైనా దాటినవాడు, తను మెట్లు ఎక్కినవాడు, తనకీ ఒక స్పాన్సర్ ఉన్నవాడు. నువ్వు చెప్పింది విని కంగారుపడనివాడు, నీ మాత్రల జోలికి రానివాడు. నీ నమ్మకాల్ని మార్చాలని చూసేవాణ్ణి ఎంచుకోకు.

మీటింగ్‌లో ఎవరి మాట వింటుంటే నీకు కుదురుగా అనిపిస్తుందో రెండుమూడు వారాలు గమనించు. అయిపోయాక దగ్గరికెళ్లి "కొన్నాళ్లు తాత్కాలికంగా స్పాన్సర్‌గా ఉంటారా?" అని అడుగు. తాత్కాలికం అంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు, కుదరకపోతే మార్చుకోవచ్చు. ఆయన కాదంటే తీరిక లేదని అర్థం, నువ్వు పనికిరావని కాదు. ఇంకొకరిని అడుగు. ఒప్పుకుంటే రోజులో ఏ వేళకి ఫోన్ చెయ్యొచ్చో ముందే అడిగి రాసుకో. నీకైతే ఆఫీసు నుంచి బయలుదేరే ముందు వేళ అడుగు, ఏడింటి దాకా ఆగకు.

కొత్తఅడుగు

అలాగే అన్నా. గుమ్మం దగ్గర "కొత్తా? రండి" అన్నాయన ఆ మొదటి గ్రూపులో ఉన్నాడు కదా, ఆయన ఈ చిన్న గ్రూపుకి కూడా వస్తాడట. గురువారం వస్తే ఆయన్నే అడుగుతాను.